జాగిలం డైరీలో రాయవలసినది

గౌరవనీయులైన శిక్షకులకు, ఈ విడతలో జాగిలాలతో జతకూడిన యువ హ్యాండ్లర్లకు నమస్కారం.

వాసన పట్టి జాడ తీసే కుక్కకు ఇచ్చే శిక్షణను రోజూ ఎలా రాసి పెట్టుకోవాలన్నదే నేను మాట్లాడదలచిన విషయం. నా మొదటి ఏడాది డైరీలో ఏ పేజీ తిప్పినా ఒకే మాట కనిపించేది: “బాగా చేసింది.” ఒక సాయంత్రం అభ్యాసంలో నా లాబ్రడార్ తారు రోడ్డు అంచు దాకా చక్కగా వచ్చి, అక్కడ ముక్కు పైకెత్తి, రెండుసార్లు గుండ్రంగా తిరిగి, నా ముఖంలోకి చూస్తూ కూర్చుండిపోయింది. కారణం వెతుకుదామని డైరీ తిరగేస్తే పనికివచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు. ఆ మర్నాటి నుంచి వేళ, నేల, గాలి రాయడం మొదలుపెట్టాను. మూడు వారాలకు విషయం బయటపడింది. మేము వేసిన జాడలన్నీ, అంటే కుక్క వెతకడం కోసం ముందుగా ఒక మనిషి నడిచి వదిలిన దారులన్నీ, ఉదయం ఆరింటికి, మంచుకు తడిసిన గడ్డి మీద వేసినవే. వేసినవాడు కూడా ప్రతిసారీ ఒకే మిత్రుడు. నా వీలు కోసం నేను ఎంచుకున్న వేళే ఆ కుక్కకు తెలిసిన లోకమంతా అయిపోయింది.

మనిషి నడిచినంతసేపూ ఒంటి నుంచి సన్నని చర్మపు పొరలు రాలుతూనే ఉంటాయి. అడుగు పడిన చోట నలిగిన గడ్డి వాసన, కదిలిన మట్టి వాసన వాటికి తోడవుతాయి. తడి నేల వాటిని పట్టి ఉంచుతుంది. ఎండకు కాగిన తారు మీద నలగడానికి గడ్డీ ఉండదు, వాసనా ఎక్కువసేపు నిలవదు. గాలి వాసనను పక్కకు నెట్టినప్పుడు కుక్క అడుగుజాడలకు కొంత దూరంగా, వాటికి సమాంతరంగా నడవవచ్చు. అది తప్పు కాదు. అందుకే జాడ ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, కుక్కను ఎంతసేపటికి వదిలాం, గాలి ఎటు నుంచి వీచింది, మధ్యలో ఎవరైనా, పశువులైనా అడ్డంగా నడిచారా అన్నవి రాయనిదే ఆ రోజు ఫలితానికి అర్థం ఉండదు.

ఇక కుక్క చేసినది వేరు, దాన్ని చూసి మనం అనుకున్నది వేరు. “తడబడింది” అని రాయకండి. “రెండో మలుపు దాటి పదడుగులు వెళ్లి, తల ఎత్తి, వెనుదిరిగి, ఎడమవైపు గడ్డిలో ముక్కు దించింది” అని రాయండి. మొదటిది మన తీర్పు, రెండోది జరిగిన సంగతి.

దారి మనకు ముందే తెలుసా, తెలియదా అన్నది కూడా తప్పక నమోదు చేయాలి. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మత్తుమందులు, పేలుడు పదార్థాలు పసిగట్టే 18 కుక్క-హ్యాండ్లర్ జట్లను ఏ వాసనా దాచని గదుల్లోకి పంపారు. కొన్ని చోట్ల ఎర్ర కాగితం అంటించి, వాసన అక్కడే ఉందని హ్యాండ్లర్లను నమ్మించారు. లేని వాసనకు, అది దొరికిందన్న హెచ్చరికలు అనేకం వచ్చాయి. వాళ్లు మోసగాళ్లు కారు. తాడు పట్టిన చేతికి మనసులోని మాట తెలిసిపోతుంది, ఆ చేతి మాట కుక్కకు తెలిసిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక హత్య కేసులో 2001లో సుప్రీంకోర్టు జాగిలం సాక్ష్యంలోని బలహీనతలను చెబుతూ, కుక్క గానీ దాని యజమాని గానీ పొరబడే అవకాశాన్నే మొదట పేర్కొంది. కుక్క ప్రవర్తనను తప్పుగా అర్థం చేసుకోవడాన్ని ఆ తర్వాత చెప్పింది. ఆ మాటకు మన వృత్తిలో ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. ఒక మనిషి స్వేచ్ఛ మన కుక్క ముక్కుతో ముడిపడుతున్నప్పుడు, అది ఏ నేల మీద, ఏ వేళలో ఎన్నిసార్లు పొరబడిందో అందరికన్నా ముందు మనకు తెలిసి ఉండాలి. విఫలమైన రోజు పేజీని చింపేసేవారిని చూశాను. ఆ పని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నా డైరీలోని ఒక పేజీ చదువుతాను: “సాయంత్రం 4.30. దున్నిన చేను, తర్వాత తారు రోడ్డు. జాడ వేసి 50 నిమిషాలు. వేసినది కొత్త మనిషి. దారి నాకు తెలియదు. గాలి కుడి నుంచి. రోడ్డు దాటాక కుక్క ఎడమకు లాగింది. దాన్ని నమ్మక, తాడు బిగబట్టాను. జాడ ఎడమకే ఉంది.”