మూడో అధ్యాయం దాకా ఎవరొస్తారు?

అందరికీ నమస్కారం. భీమవరం వచ్చినవాళ్లకి రొయ్యల వేపుడుతో భోజనం పెట్టి, చెయ్యి ఆరకముందే కంపైలర్ల గురించి మాట్లాడమన్నారు. నిద్రొస్తే మొహమాటపడకండి.

ఎల్‌ఎల్‌వీఎం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మనం రాసిన ప్రోగ్రాంని మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్లు కట్టుకోవడానికి పనికొచ్చే సామాను అది. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అద్వే మొదలుపెట్టారు. ఇవాళ క్లాంగ్, రస్ట్, స్విఫ్ట్ మెషీన్ కోడ్ తయారుచేసేది దీని సాయంతోనే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ముందుగా చూపించేది కెలైడోస్కోప్ అనే పాఠం. మనచేత ఒక బొమ్మ భాష కట్టిస్తుంది. అందులో డబుల్ (దశాంశ సంఖ్య) తప్ప వేరే టైపు ఉండదు. పాఠం చక్కగా రాశారు, మధ్యమధ్యలో నవ్విస్తారు కూడా. నా గొడవంతా దాని వరుస మీదే.

కిందటేడు మా కోనసీమ అమ్మాయి ఒకామె ఈ పాఠం చేస్తూ నాకు ఫోన్ చేసింది. “అక్కా, రెండు రోజుల నుంచి కోడ్ కొడుతూనే ఉన్నాను. ఇందులో ఎల్‌ఎల్‌వీఎం ఎక్కడుంది?” నిజమే. మొదటి అధ్యాయమంతా లెక్సర్, అంటే కోడ్‌ని మాటలుగా విడగొట్టేది. రెండోది పార్సర్, ఆ మాటల నిర్మాణం పట్టేది. ఈ రెండూ మామూలు సీ ప్లస్ ప్లస్సే. ఎల్‌ఎల్‌వీఎం మొహం కనిపించేది మూడో అధ్యాయంలో. ఇక మనం రాసిన భాష నుంచి ఆబ్జెక్ట్ ఫైల్ (మెషీన్ కోడ్ ఉండే ఫైలు) బయటికి వచ్చేది ఎనిమిదో అధ్యాయంలో. పార్సర్లు కాలేజీలో ఎలాగూ చెబుతారు. తెచ్చుకున్న ఓపికంతా వాటికే అయిపోతే, అసలు సంగతి మొదలయ్యేసరికి మనిషి ఉండడు.

మనం డెల్టావాళ్లం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయంటే సరిపోదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లకి వంతులు పెట్టాక శివారు మడి తడిసిందా లేదా అని చూస్తాం. పాఠాన్ని కూడా అలాగే, చివరి మనిషిదాకా అందిందా అని చూడాలని నా పట్టుదల.

మరి ముందు ఏం చెప్పాలి? నేనైతే మూడు లైన్ల ఐఆర్ ఫైలు చేత్తో రాయిస్తాను. ఐఆర్ అంటే మన కోడ్‌కీ మెషీన్ కోడ్‌కీ మధ్య ఎల్‌ఎల్‌వీఎం వాడే భాష. మెయిన్ అనే ఫంక్షన్, అది 42 తిరిగిస్తుంది, అంతే. ఎల్‌ఎల్‌ఐ అనే కమాండుతో నడిపి, రిటర్న్ కోడ్ ఎంత అని షెల్‌ని అడిగితే 42 అంటుంది. పది నిమిషాల పని. తర్వాత అదే ఫైలు, ఐఆర్ కట్టిపెట్టే ఐఆర్ బిల్డర్ అనే సాధనంతో ప్రోగ్రాం చేత రాయిస్తాను. లెక్సర్ ఎందుకు కావాలో వాళ్లే అడిగినప్పుడు లెక్సర్.

ఇక్కడే ఒక చిన్న గుంట ఉంది. మూడో అధ్యాయంలో 4+5 అని కొడితే కూడిక ఇన్‌స్ట్రక్షన్ ఏదీ రాదు, నేరుగా 9 వస్తుంది. స్థిరసంఖ్యల్ని బిల్డర్ అక్కడికక్కడే కలిపేస్తుంది. పాఠంలో ఆ మాట ఉంది, కానీ కంగారులో ఉన్నవాడి కంటికి ఆనదు. తన కోడ్‌లోనే తప్పుందని వెతుక్కుంటూ కూర్చుంటాడు. మొదటి ఉదాహరణకే ఫంక్షన్‌కి వచ్చిన ఎక్స్, వైలను కలిపిస్తే ఈ బాధే ఉండదు.

తర్వాతది ఫై నోడ్. ఐదో అధ్యాయంలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దీన్ని నేను నర్సాపురం రేవుతో చెబుతాను. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం రావాలి. పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కితే పంటు టికెట్టు డబ్బులు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వస్తే పెట్రోలు డబ్బులు. నర్సాపురంలో దిగాక “ఖర్చెంత?” అంటే, “ఏ దారిన వచ్చావు?” అని ఎదురు అడగాల్సిందే. ఫై నోడ్ చేసేది అదే: ఏ బ్లాకు (వరసగా నడిచే ఇన్‌స్ట్రక్షన్ల గుంపు) నుంచి వచ్చామో చూసి దానికి తగ్గ విలువ తీసుకుంటుంది. ముందు ఇది చెప్పి ఆ తర్వాత సింగిల్ అసైన్‌మెంట్ (ఒక పేరుకి ఒక్కసారే విలువ ఇవ్వాలన్న నియమం) అంటే ఎవరూ బెదరరు.

ఇన్‌స్టాల్ దగ్గర పడే తిప్పలు వేరు. నేను మొదటిసారి సోర్స్ మొత్తం దించుకుని, డీబగ్ బిల్డ్ పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే లింకింగ్ దగ్గర మెమరీ చాలక ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఉబుంటు ప్యాకేజీ వేసుకుంటే సరిపోయేది, ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు. అయితే ప్యాకేజీలతో ఇంకో చిక్కుంది. సాధారణంగా వాటిలో అసర్షన్లు (తప్పు ఎక్కడుందో చెప్పే తనిఖీలు) ఆపేసి ఉంటాయి, తప్పు చేస్తే కారణం చెప్పకుండా సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడిపోతుంది. అందుకే ఫంక్షన్‌ని వెరిఫై చేసే పిలుపు ఉదాహరణల్లో ఉంటే చాలదు, అది ఎందుకుందో గట్టిగా చెప్పాలి. బ్లాకు చివర టెర్మినేటర్ (తర్వాత ఎటు వెళ్లాలో చెప్పే ఇన్‌స్ట్రక్షన్) మరిచిపోవడం లాంటి తప్పులు అదే పట్టుకుంటుంది.

ఇక పాఠాలు పాతబడటం. 2022లో వచ్చిన ఎల్‌ఎల్‌వీఎం 15వ వెర్షన్‌లో పాయింటర్లు తాము చూపే విలువ టైపు చెప్పడం మానేశాయి, 17కి పాత పద్ధతి పూర్తిగా పోయింది. మెమరీ నుంచి విలువ తెచ్చే క్రియేట్‌లోడ్‌కి ఇప్పుడు టైపు మనమే ఇవ్వాలి. పాత పాఠాల్లోని కోడ్ ఎక్కించినవాడు ఎర్రర్ చూసి తనకే రాదనుకుంటాడు. అధికారిక పాఠంలో అధ్యాయం చివర ఇచ్చే పూర్తి కోడ్ అసలు ఫైలు నుంచే వస్తుంది. మధ్యలోని ముక్కలు చేత్తో అతికించినవి. అవి కూడా అదే ఫైలు నుంచి రావాలి. డాక్యుమెంట్లు తయారుచేసే స్ఫింక్స్‌లో ఆ సదుపాయం ముందే ఉంది. విసుగు పుట్టే పనే, కానీ మీలో ఎవరైనా ఎల్‌ఎల్‌వీఎంకి మొదటి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపాలనుకుంటే ఇంతకంటే తేలికైన చోటు నాకు కనిపించలేదు.

సరే, మాటలు చాలు. ఆ మూడు లైన్లూ బోర్డు మీద రాస్తున్నాను, ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ ఎర్రర్ వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసివ్వండి. నాకు కావాల్సింది ఆ కాగితాలే. ప్లగ్గులు కిటికీ వైపు గోడకి ఉన్నాయి.