పొలమిస్తానన్న తండ్రి, పుస్తకం నిలిపిన కూతురు

సభకు నమస్కారం.

కన్నడ జానపదంలో పుట్టింటి పాటలకు కొదవలేదు. వాటిలో అమ్మ, అన్నదమ్ములే ఎక్కువగా వినిపిస్తారు. నాన్న నోరు విప్పేది తక్కువ. అందుకే ‘కెరెగె హార’ (చెరువుకు బలి) అనే కథాగేయంలో ఓ తండ్రి అన్న మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను.

కల్లనకేరి మల్లనగౌడ చెరువు తవ్విస్తే చుక్క నీరు పడదు. చిన్న కోడలు భాగీరథిని బలివ్వాలని ఇంట్లో నిశ్చయిస్తారు. భర్త మాదేవరాయ దండులో ఉన్నాడు. సంగతి తెలిసిన ఆ పిల్ల గబగబా పుట్టింటికి వస్తుంది. ఎన్నడూ లేనిది ఇలా వచ్చావేం తల్లీ, కళ్లలో ఆ నీళ్లేమిటని తండ్రి అడుగుతాడు. అత్తమామలు వేరు పెడతారట నాన్నా అంటుంది. పెడితే పెట్టనీ, పొలమూ ఇల్లూ నేనిస్తానంటాడు.

ఎంత ప్రేమో చూడండి! ఆడపిల్లకు పొలమిస్తాననడం రైతుకు చిన్న మాట కాదు. అయినా వింటుంటే గుండె కలుక్కుమంటుంది. ఇంకొక్క ప్రశ్న అడిగుంటే? కూతురి కష్టం ఆస్తితో తీరేదేనని ఆయనకు తెలిసిన లోకం నేర్పింది. ప్రాణాల మీదికి వచ్చిందన్నది ఊహకే అందలేదు. తల్లి నగల మాట ఎత్తుతుంది. చివరికి భాగీరథి నిజం చెప్పుకున్నది స్నేహితురాలికి. ఆమె కూడా, పెట్టినట్టు పడి ఉండాలి అనేస్తుంది.

కావ్యాల వైపు వస్తే, కన్నడ కవులను పోషించిన అత్తిమబ్బె ఉంది. మన వేంగినాటి మూలాలున్న ఇంటి బిడ్డ. తండ్రి మల్లప, ఆయన తమ్ముడు పున్నమయ్య కలిసి పొన్న కవి చేత ‘శాంతిపురాణం’ అనే జైన కావ్యం రాయించారు. అది మరుగున పడకూడదని 10వ శతాబ్దంలోనే ఆమె 1000 ప్రతులు రాయించి పంచింది. తాటాకు మీద గంటంతో అక్షరం అక్షరం గీయాలి. అలాంటివి వెయ్యి! తండ్రి సొత్తులో ఆమె పట్టుబట్టి నిలబెట్టుకున్నది ఆ పుస్తకాన్ని.

భర్త నాగదేవుడు పోయినప్పుడు, ఆయన్నే పెళ్లాడిన చెల్లెలు గుండమబ్బె చితి ఎక్కింది. అత్తిమబ్బె బతికి కొడుకును పెంచింది. రన్న కవి చేత 993లో ‘అజితపురాణం’ రాయించింది. పోషకులను పద్యాల్లో పొగడని కవి ఎవరు? రన్న అక్కడితో ఆగలేదు. తన కూతురికే అత్తిమబ్బె అని పేరు పెట్టుకున్నాడు.