మడికొండ వైపు బోర్లు: నీళ్లు తేటగా ఉంటే సరిపోతుందా?

నా చేతిలో ఉన్న ఈ సీసా చూడండి. ఒక డంపింగ్ యార్డుకు దిగువన ఉన్న చెలకలో, నిన్న ఉదయం బోరు దగ్గర పట్టినప్పుడు ఈ నీళ్లు తేటగానే ఉన్నాయి. మూత తీసి ఉంచితే, తెల్లవారేసరికి పైన తుప్పు రంగు పొర కట్టి, అడుగున గోధుమ రంగు మడ్డి దిగింది. ఆ రైతు వద్దన్నందువల్ల ఊరి పేరు చెప్పడం లేదు.

కాజీపేట దాటి హైదరాబాద్ రోడ్డు మీద మడికొండ వైపు వెళ్లేవారికి రాంపూర్ డంపింగ్ యార్డు కొత్త కాదు. వరంగల్ నగరం చెత్త ఏళ్ల తరబడి అక్కడికే చేరింది. ఇలాంటి యార్డుల దగ్గర పొగ గురించి, వాసన గురించి మాట్లాడినంతగా కింద నేలలోకి దిగే నీటి గురించి మాట్లాడుకోవడం లేదు. కుప్ప మీద పడిన వాన, కుళ్లిన చెత్తలోంచి వడిసి, చిక్కటి డికాక్షన్ రంగులో బయటికి వస్తుంది. దాన్నే లీచేట్ అంటారు. గాలి తగలకుండా కుళ్లిన ఆ రసం నేలలో దిగినచోట ఆక్సిజన్ హరించుకుపోయి, మట్టిలోనూ రాతిలోనూ ఉన్న ఇనుము, మాంగనీసు నీటిలో కరుగుతాయి. మోటారు పైకి తోడాక గాలి తగిలి, ఇదిగో, ఇలా మడ్డిగా మారుతాయి. అయితే తుప్పు పట్టిన కేసింగ్ పైపు వల్ల కూడా ఈ రంగు రావచ్చు కనుక, ఈ ఒక్క సీసాతో యార్డు మీద నేరం మోపలేము.

మన దగ్గర చిక్కంతా రాతిలో ఉంది. పైన కొన్ని మీటర్ల మట్టి, మొరం. ఆ కింద గ్రానైటు, నైస్ అనే గట్టి రాయి. నీళ్లు ఇసుకలో ఇంకినట్టు అన్ని వైపులా సమంగా పాకవు, పగుళ్లు ఎటుంటే అటే పోతాయి. అందువల్ల కుప్పకు ఆనుకుని ఉన్న బోరు బాగుండి, రెండు చెలకల అవతల ఉన్నది చెడిపోవచ్చు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెత్త పూడ్చే ల్యాండ్‌ఫిల్‌కూ నీటి సరఫరా బావికీ మధ్య 200 మీటర్ల దూరం ఉండాలనీ, అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర పరచాలనీ చెప్పాయి. పాత కుప్పల కింద ఆ పరుపు లేనప్పుడు, పగుళ్లున్న రాతినేలలో 200 మీటర్ల లెక్క నాకు పెద్ద ధైర్యం ఇవ్వదు.

పరీక్షలో నేను ముందు చూసేది క్లోరైడు. అది మట్టికి అంటుకోకుండా నీటితోపాటే నడుస్తుంది కనుక, కబురు ముందుగా అదే తెస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు మేలు, వేరే నీరు లేకపోతే 1000 వరకు సహిస్తారు. నైట్రేటుకు మాత్రం 45 దాటితే ఎలాంటి సడలింపూ లేదు. నీళ్లలో కలిపిన డబ్బాపాలు తాగే పసిపిల్లలకు అది మరీ ప్రమాదం. యూరియా వేసే చేలల్లోనూ, మరుగుదొడ్ల గుంతల పక్కనా నైట్రేటు ఉంటుంది కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. మరిగిస్తే పోతుందనుకోవడం పొరపాటు: నీరు ఆవిరై, నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. చాలామంది నమ్ముకునే టీడీఎస్ మీటరు కూడా కరిగిన లవణాల అంచనా మాత్రమే చూపుతుంది, సీసం ఉందో లేదో చెప్పదు.

శాంపిల్ పట్టే ముందు మోటారును కనీసం పది నిమిషాలు నడపండి. సూక్ష్మజీవుల పరీక్షకూ లోహాల పరీక్షకూ వేర్వేరు సీసాలు ల్యాబు వారి దగ్గరే తీసుకోండి. మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో మరోసారి పరీక్షిస్తేనే తేడా తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కుప్పకు ఎగువన ఉన్న ఒక బోరు నీళ్లూ పరీక్షించాలి. అది లేకుండా దిగువ బోరు అంకెలను దేనితో పోల్చుతాము?

మిషన్ భగీరథ నల్లా ఉంది కదా అని కొందరు అంటారు. తాగడానికి సరే. ఈ సీసా నింపిన బోరు కింద రెండు బర్రెలు, అర ఎకరం ఆకుకూరలు ఉన్నాయి. ఎగువ బోరు నీళ్లతో కలిపి దీన్ని రేపు ల్యాబుకు పంపుతున్నాను. రిపోర్టు వచ్చాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.