అద్దె ఇల్లు ఖాళీ చేసేలోపే కొత్తవారికి చూపించాలా? (2021 జూన్ చివరి వారం ఫోన్-ఇన్ నుంచి)

ప్రయోక్త: మల్కాజిగిరి నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. జూలై నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పగానే ఓనరు గారు గేటుకు టులెట్ బోర్డు తగిలించారు. ఈ నెల 20న లాక్‌డౌన్ ఎత్తేసినప్పటి నుంచీ చెప్పాపెట్టకుండా మనుషులను తీసుకొస్తున్నారు. నిన్న ఐదుగురు వచ్చారు. అందులో ఒకాయన మాస్కు గడ్డం కిందికి లాక్కొని, వంటింటి గుమ్మంలో నిలబడి, మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయా అని మా అత్తగారిని అడిగారు. ఆవిడకు 74 ఏళ్ళు, ఇంకా ఒక్క డోసే పడింది. వద్దంటే అడ్వాన్సులో కోత పెడతానంటున్నారు.

న్యాయవాది: ఇల్లు చూపించాలన్న షరతు అగ్రిమెంటులో ఉందా అమ్మా?

శ్రోత: పదకొండు నెలల అగ్రిమెంటండీ, ఆ మాటే లేదు.

న్యాయవాది: 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం, అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం ఆటంకం లేకుండా ఉండే హక్కు మీది. ఇల్లు ఏ స్థితిలో ఉందో తగిన వేళల్లో వచ్చి చూసుకునే హక్కును అదే సెక్షను యజమానికి ఇచ్చింది గానీ, కొత్తగా అద్దెకు వచ్చేవారిని వెంటబెట్టుకొని రావచ్చని అందులో లేదు. ఈ నెల 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మాత్రం, యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలంటోంది. రాష్ట్రం దాన్ని తెచ్చుకునేదాకా అది మీకు ఆధారం కాదు, మాట్లాడుకోవడానికి పనికొస్తుంది.

అలాగని తలుపు వేసుకోమని నేను చెప్పను. నెల అద్దె పోతుందన్నది ఆయన బెంగ, మీ అడ్వాన్సేమో ఆయన చేతిలో ఉంది. కుళాయి తిప్పి నీటి ధార కనిపించేలా మీరే వీడియో తీసి పంపండి. అది చూసి నచ్చినవారిలో ఒక్కో కుటుంబం నుంచి ఇద్దరు చొప్పున, ఆదివారం ఉదయం ఒక గంటలో వచ్చి వెళ్ళాలని వాట్సాప్‌లో రాయండి, నోటిమాటగా వదలకండి. ఆ గంటా అత్తగారిని డాబా మీద కూర్చోబెట్టి, ఎవరూ ఏదీ ముట్టుకోనక్కర లేకుండా కిటికీలు, గది తలుపులు ముందే తీసి, లైట్లు వేసి ఉంచండి. అడ్వాన్సు సంగతికి వస్తే, అగ్రిమెంటులో లేని కోతకు ఆయనే లెక్క చెప్పాలి.

శ్రోత: ఈలోగా మాలో ఎవరికైనా పాజిటివ్ వస్తేనో?

న్యాయవాది: దాచకుండా ఆయనకు చెప్పండి. లక్షణాలు మొదలై కనీసం 10 రోజులు గడిచి, చివరి 3 రోజులు జ్వరం రాకుండా ఉండేదాకా హోం ఐసొలేషనే కాబట్టి, అంతవరకూ వీడియోతో సరిపెట్టుకోవలసిందే.

శ్రోత: దేవుడి గది కూడా తీయాలాండీ?

న్యాయవాది: తీయండమ్మా. లేకపోతే అది ఏ మూలన ఉందో చూడడానికే మళ్ళీ వస్తారు.