ఫిజిక్స్‌లో ఏ1 కటాఫ్ ఎంత ఉండొచ్చు సార్? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. పొద్దుటి నుంచి మాకు వస్తున్న ఫోన్లన్నీ ఒక్క ప్రశ్న మీదే. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఫిజిక్స్ పరీక్ష అయిపోయింది కదా, ఏ1 గ్రేడ్‌కి కటాఫ్ ఎంత ఉండొచ్చు అని. పిల్లలే కాదు, తల్లిదండ్రులూ అదే అడుగుతున్నారు. ప్లస్ టూకి ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ గారు స్టూడియోలో ఉన్నారు. సార్, నమస్కారం.

లెక్చరర్: నమస్కారమండీ. కాలర్లు లైన్లో ఉన్నారని తెలుసు, అయినా ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ గంటలో నా నోటి నుంచి కటాఫ్ నంబర్ రాదు. తెలిసి దాచుకోవడం కాదు, ఆ నంబర్ ఇంకా పుట్టనే లేదు. దేశమంతా పేపర్లు దిద్ది, మార్కులు వేసి, ఎంతమంది పాసయ్యారో లెక్క తేలేదాకా అది బోర్డుకు కూడా తెలియదు.

యాంకర్: సరే, మొదటి కాల్ విజయవాడ నుంచి. చెప్పమ్మా.

విద్యార్థిని, విజయవాడ: నమస్తే సార్. మా సెట్‌లో లెన్స్ మీద మూడు మార్కుల లెక్క వచ్చింది. గాలిలో ఫోకల్ లెంత్ 20 సెంటీమీటర్లు, నీళ్లలో ముంచితే ఎంత అని. నాకు 78.2 వచ్చింది సార్, మా ఫ్రెండ్స్ అందరికీ 80 వచ్చింది. ఆ మూడూ పోతే నాకు థియరీలో 61, ప్రాక్టికల్స్‌లో 30కి 30 వేసినా మొత్తం 91. అందరూ కటాఫ్ 93 అంటున్నారు. నిన్నటి నుంచి ఏడుపు ఆగట్లేదు సార్.

లెక్చరర్: ముందు ఏడుపు ఆపు తల్లీ. గాజు రిఫ్రాక్టివ్ ఇండెక్స్ 1.5 తీసుకున్నావు, నీళ్లకి ఎంత తీసుకున్నావు?

విద్యార్థిని: 1.33 సార్. పేపర్లో అలాగే ఇచ్చారు.

లెక్చరర్: 1.33 అనే ఉందా, 4/3 అని ఉందా? బాగా గుర్తు తెచ్చుకో.

విద్యార్థిని: 1.33 సార్, ప్రశ్నపత్రం నా చేతిలోనే ఉంది.

లెక్చరర్: మరి నీకు 78.2 కాక ఇంకేం వస్తుంది? 1.5ని 1.33తో భాగిస్తే 1.1278, అందులోంచి ఒకటి తీసేస్తే 0.1278. గాలిలో అయితే అక్కడ 0.5 ఉంటుంది. 0.5ని దాంతో భాగిస్తే 3.91, దాన్ని 20తో గుణిస్తే నీ 78.2 వచ్చేసింది. మీ ఫ్రెండ్స్ 1.33 బదులు 4/3 వేసుకున్నారు, అప్పుడు సరిగ్గా నాలుగు రెట్లు, 80. కాలిక్యులేటర్ లేని పరీక్షలో చాలామంది అలాగే చేస్తారు, అదీ తప్పు కాదు. లెన్స్ మేకర్ ఫార్ములా రాశావా? గాలికోసారి, నీళ్లకోసారి వేసి భాగించావా?

విద్యార్థిని: రాశాను సార్, అన్ని స్టెప్పులూ ఉన్నాయి.

లెక్చరర్: అయితే నీ మార్కులు ఎక్కడికీ పోవు. సీబీఎస్‌ఈలో దిద్దేది మార్కింగ్ స్కీమ్ ప్రకారం, ఫార్ములాకి ఇంత, విలువలు వేసినందుకు ఇంత, జవాబుకి ఇంత అని విడివిడిగా వేస్తారు. ఒకవేళ చివర్లో లెక్క తప్పినా మూడుకి మూడూ కొట్టేయరు. నువ్వు నీకు సున్నా వేసుకున్నావు, ఆ సున్నాతో ఒక మొత్తం కట్టావు, దాన్ని ఎవరో అనుకున్న 93తో పోల్చుకుని ఏడుస్తున్నావు. కెమిస్ట్రీ పుస్తకం తియ్యి తల్లీ, ముందు కడుపు నిండా అన్నం తిను.

యాంకర్: సార్, ఆ 93 సంగతి కూడా తేల్చేయండి. అసలు ఏ1 ఎలా ఇస్తారు?

లెక్చరర్: చాలామంది స్కూళ్లలోలాగా 91 వస్తే చాలు, ఏ1 అనుకుంటారు. పన్నెండో తరగతి బోర్డు పరీక్షలో అలా కాదండీ. సబ్జెక్టులో పాసైన వాళ్లందరినీ మార్కుల వరసలో నిలబెడతారు, పైనుంచి ఎనిమిదో వంతు మందికి ఏ1, తర్వాతి ఎనిమిదో వంతుకి ఏ2, అలా బీ1, బీ2, సీ1, సీ2, డీ1, డీ2 దాకా. ఫెయిలైన వాళ్లు ఆ వరసలోనే ఉండరు. లెక్క కోసం లక్షమంది పాసయ్యారనుకోండి, మొదటి 12,500 మందికి ఏ1. ఇప్పుడు 12,500వ స్థానంలో ఉన్నది 90 మార్కుల అబ్బాయి అనుకుందాం, అదే 90 ఇంకో వెయ్యిమందికి కూడా వచ్చి ఉంటుంది. ఒకే మార్కు వచ్చిన వాళ్లలో కొందరికి ఏ1, కొందరికి ఏ2 ఇవ్వరు. గీతకి అటు ఎక్కువమంది పడితే అందరూ అటు, ఇటు ఎక్కువమంది పడితే అందరూ ఇటు. అంటే మార్కుల జాబితా మొత్తం చేతిలో పెట్టినా చివరి మార్కు దగ్గర గీత కొంచెం జరుగుతుంది. ఇంట్లో కూర్చుని దాన్ని ఎలా చెబుతారు? ఒకే మెమోలో ఒక సబ్జెక్టులో 94కి ఏ2, ఇంకో సబ్జెక్టులో 89కి ఏ1 రావడానికి కూడా అవకాశం ఉంది, ఎందుకంటే ప్రతి సబ్జెక్టుకీ వరస వేరు.

యాంకర్: హైదరాబాద్ నుంచి ఇంకో విద్యార్థి. చెప్పు బాబూ.

విద్యార్థి, హైదరాబాద్: సార్, ఆ 93 మా గ్రూపులో వచ్చిందే. మేం పోల్ పెట్టాం సార్, ఊరికే అనుకున్నది కాదు. వందల మంది ఓటేశారు, అన్ని సెట్లవాళ్లూ ఉన్నారు. వాళ్ల మార్కుల్లోంచి పై ఎనిమిదో వంతు తీస్తే 93 వచ్చింది.

లెక్చరర్: ఎనిమిదో వంతు తీయాలని తెలుసుకున్నావు చూడు, అది మెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు నేనడిగేదానికి ఆలోచించి చెప్పు నాన్నా. ఆ గ్రూపులో ఎవరు చేరతారు?

విద్యార్థి: జేఈఈకి ప్రిపేరయ్యే వాళ్లు సార్, ఎక్కువగా.

లెక్చరర్: పేపర్ బాగా రాయని పిల్లాడు ఆ సాయంత్రం పోల్ తెరిచి నాకు 52 వస్తాయి అని నొక్కుతాడా?

విద్యార్థి: నొక్కడు సార్.

లెక్చరర్: అదే సంగతి. మీ వరసలో కింద ఉండాల్సిన వాళ్లే లేరు, అందరూ పైన ఉన్నవాళ్లే. అందులోంచి ఎనిమిదో వంతు తీస్తే గీత పైకి పోక ఎక్కడికి పోతుంది? పైగా ఆ మార్కులు ఎవరికి వాళ్లు వేసుకున్నవి. ఒకమ్మాయి సరైన జవాబుకి సున్నా వేసుకుంది, ఇప్పుడే విన్నావు. ఇంకొకడు ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ బొమ్మ గీసి, ఇన్‌పుట్, అవుట్‌పుట్ వేవ్‌ఫారాలు వదిలేసి ఐదుకి ఐదూ వేసుకుని ఉంటాడు. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిచేసుకోవు. ఇంకోటి, ప్రాక్టికల్స్ 30 మార్కుల్లో చాలామందికి 28, 29 ఉంటాయి, కాబట్టి గీత ఎక్కడ పడాలో తేల్చేది ఎక్కువగా 70 మార్కుల థియరీయే. అక్కడ రెండు మార్కులు అటూ ఇటూ అయితే వేల మంది ఇటు నుంచి అటు మారిపోతారు.

విద్యార్థి: అంటే పోల్ తీసేయమంటారా సార్?

లెక్చరర్: తీసెయ్యి నాన్నా. నువ్వు మంచికే పెట్టావు, కాదనను. కానీ విజయవాడలో ఒక పిల్ల నిద్రపోలేదు ఆ నంబర్ చూసి. తీసేసి, దాని బదులు కెమిస్ట్రీ శాంపిల్ పేపర్ పెట్టు, వందల మందికి పనికొస్తుంది.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక తండ్రి మాట్లాడుతున్నారు.

తండ్రి, కరీంనగర్: నమస్తే సార్. మా బిడ్డకు ఫిజిక్స్‌లో 78, 80 వస్తాయట. ఏ1 రాకపోతే ఇంజినీరింగ్ సీటు రాదని మా బావమరిది అంటున్నాడు. అప్పులు చేసి చదివిస్తున్నం సార్, నిజం చెప్పండి.

లెక్చరర్: నిజమే చెబుతున్నాను, నిశ్చింతగా వినండి. ఇంజినీరింగ్ సీటు ఇచ్చేటప్పుడు ఫిజిక్స్‌లో ఏ1 ఉందా, ఏ2 ఉందా అని చూడరు. ఎన్‌ఐటీలకు, ఐఐటీలకు జేఈఈ ర్యాంకు కావాలి, దాంతోపాటు పన్నెండులో మొత్తం మీద 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే 65 శాతం. అది రాకపోయినా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పై ఇరవై శాతం మందిలో ఉంటే అర్హత ఉన్నట్టే. తెలంగాణ ఎప్‌సెట్‌లో, అంటే రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో, ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులు కలిపే వెయిటేజీ తీసేశారు. గ్రూపు సబ్జెక్టులు కలిపి 45 శాతం ఉంటే చాలు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 40. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 25 శాతం వెయిటేజీ ఉంది, అక్కడ ఒక్కో మార్కుకీ విలువ ఉంటుంది, కానీ చూసేది మార్కులే, గ్రేడ్ కాదు. మీ అమ్మాయికి ఫిజిక్స్‌లో 78 వస్తే ఈ అర్హతలన్నిటికీ అది చక్కని మార్కు.

తండ్రి: పేపర్ కష్టంగ వచ్చిందంటున్నరు సార్. కష్టంగ వస్తే కటాఫ్ తగ్గుతదా?

లెక్చరర్: అందరికీ కష్టమైతే ఏ1 గీత కిందికి వస్తుంది, ఎందుకంటే ఎనిమిదో వంతు మంది అనేది మారదు. కానీ 75 శాతం అనే గీత మారదండీ. చూడండి, పిల్లలు కంగారు పడుతున్నది తనంతట తనే సర్దుకునే గీత గురించి. అసలు పట్టించుకోవాల్సింది కదలని గీతని, దానికి మిగిలిన పరీక్షలు బాగా రాయాలి. మీ బావమరిది గారికి ఈ మాట చెప్పండి, అమ్మాయి ముందు మాత్రం ఆయన్ని ఏ1 సంగతి ఎత్తనివ్వకండి.

తండ్రి: సరే సార్. మీ మాట బిడ్డకు స్పీకర్ల వినిపిస్తున్న.

లెక్చరర్: వింటున్నావా అమ్మా? బాగా రాశావు. ఇక ఫిజిక్స్ పేపర్ తెరవకు.

యాంకర్: చివరి కాల్ విశాఖపట్నం నుంచి. టైం తక్కువుంది, తొందరగా అడగండి.

విద్యార్థి, విశాఖపట్నం: సార్, రిజల్ట్ వచ్చాక ఒక్క మార్కుతో ఏ1 పోయిందని అనిపిస్తే రీవాల్యుయేషన్ పెట్టాలా?

లెక్చరర్: అనిపించిందని పెట్టకు. 2025 నుంచి పద్ధతి మార్చారు, ముందు దిద్దిన జవాబు పత్రం కాపీ తెప్పించుకోవచ్చు, అది చూశాక వెరిఫికేషన్, అంటే మార్కుల కూడిక సరిచూడటం కావాలా, రీవాల్యుయేషన్, అంటే జవాబులు మళ్లీ దిద్దడం కావాలా నిర్ణయించుకోవచ్చు. పిల్లలకు ఇది చాలా మంచిది. కాపీ రాగానే మూడు విషయాలు చూడు. లోపల వేసిన మార్కులు కూడితే పైన వేసిన మొత్తం వస్తోందా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా, మార్కింగ్ స్కీమ్‌లో ఉన్న స్టెప్పు నీ దగ్గర ఉండీ మార్కు రాలేదా. బోర్డు వెబ్‌సైట్‌లో మార్కింగ్ స్కీమ్ పెడతారు, పక్కన పెట్టుకుని మీ ఫిజిక్స్ సార్‌తో కూర్చుని చూడు. గట్టి కారణం కనిపిస్తేనే అప్లై చెయ్యి, ఎందుకంటే మళ్లీ చూసినప్పుడు మార్కులు తగ్గినా తగ్గినవే ఖాయమవుతాయి. గడువు కొద్ది రోజులే ఉంటుంది, రిజల్ట్ రోజే తేదీలు రాసిపెట్టుకో.

విద్యార్థి: అలాగే సార్. ఇంకోటి సార్, మా సెట్ రెండు, మాకు మిగతా సెట్లకంటే...

యాంకర్: బాబూ, వార్తల టైం అయిపోయింది. లైన్లో ఉండు, సార్ బయటికి వచ్చాక నీతో మాట్లాడతారు.