రాటలు మిగిలిన రేవు

అందరికీ నమస్కారం.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఈ వారం ఎక్కడికి తీసుకెళ్ళాలి? మెల్‌బోర్న్‌లో ఉన్న మనందరికీ ఇదో టెన్షన్. గుడి అయిపోతుంది, గ్రేట్ ఓషన్ రోడ్డు అయిపోతుంది, ఇక మిగిలేది షాపింగ్ మాలే. అందుకని ఈరోజు టికెట్ అక్కర్లేని ఒక చోటు గురించి చెప్తాను. పోర్ట్ మెల్‌బోర్న్‌లో ప్రిన్సెస్ పియర్, ఓడలు ఆగడానికి సముద్రంలోకి కట్టిన పాత రేవు.

పోయిన చలికాలం మా అమ్మని తీసుకెళ్ళాను. కాకినాడ మనిషి, రేవులు ఆవిడకి కొత్త కాదు. పేరు వినగానే "ఏ రాకుమారిదిరా?" అంది. రాకుమారిది కాదు. 1920లో ఈ దేశానికి వచ్చిన వేల్స్ యువరాజు గుర్తుగా పెట్టిన పేరు. అంతకుముందు న్యూ రైల్వే పియర్ అనేవాళ్ళు. 1912లో మొదలుపెట్టి 1915లో పూర్తిచేశారు. పొడవు 580 మీటర్లు.

ఇప్పుడు అంత దూరం నడవలేం. గేట్‌హౌస్ దాటి 200 మీటర్లు పోకముందే కాళ్ళ కింద నేల ఆగిపోతుంది. అక్కడ కమ్మీ పట్టుకుని చూస్తే ముందంతా చెక్క స్తంభాలే, వరసలు వరసలుగా సముద్రంలో నిలబడి ఉంటాయి. పైన ఒక్క బల్ల లేదు. ఒక్కోదాని తల ఒక్కోలా చివికిపోయింది. ఒకదాంట్లోంచి తుప్పుపట్టిన ఇనుప మేకు వంకరగా పొడుచుకొచ్చి ఉంది, దాని పక్కనే ఒంటికాలి మీద ఓ సీగల్. అమ్మ కాసేపు చూసి, "పెళ్ళయ్యాక పందిరి విప్పేసి రాటలు మర్చిపోయినట్టున్నారు" అంది.

మర్చిపోలేదు, కావాలనే ఉంచారు. 1980లలో రేవు మూతపడింది. తర్వాత మంటలు అంటుకున్నాయి, చెక్కలు పాడైపోయాయి. చివరికి 2011 నాటికి మొదటి 196 మీటర్లు మళ్ళీ కట్టి, మిగతాది స్తంభాలతోనే వదిలేశారు. నన్నడిగితే మంచి పని చేశారు. మొత్తం కొత్త బల్లలు పరిచి ఉంటే ఇంకో వాకింగ్ ట్రాక్ అయ్యేది, అంతే.

ఇక్కడ ఒక హత్య లాంటిది జరిగింది. 1928లో రేవు కార్మికులు సమ్మె చేశారు. వాళ్ళ బదులు వేరేవాళ్ళని పనిలోకి దించారు. నవంబర్ 2న గొడవ ముదిరి పోలీసులు కాల్పులు జరిపారు. ఆలన్ విట్టేకర్ అనే కార్మికుడికి తూటా తగిలింది, 1929 జనవరిలో చనిపోయాడు. ఆయన మాజీ సైనికుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలి దగ్గర గాయపడి, బతికి ఇంటికి వచ్చినవాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ రేవులోనూ, పక్కనున్న స్టేషన్ పియర్‌లోనూ యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళు ఓడల కొద్దీ దిగారు. మనవాళ్ళో? అప్పట్లో మనకి తలుపులు మూసే ఉన్నాయి. 1901 నాటి ఆస్ట్రేలియా వలసల చట్టం ప్రకారం వద్దనుకున్న మనిషికి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటల డిక్టేషన్ పెట్టేవాళ్ళు. తప్పితే వెనక్కే. పీ అండ్ ఓ అనే బ్రిటిష్ కంపెనీ ఓడల్లో పనిచేసే మన దేశపు కళాసీలు ఈ తీరానికి వచ్చేవాళ్ళు, మళ్ళీ అదే ఓడలో వెళ్ళిపోయేవాళ్ళు. తెల్లవాళ్ళకే ప్రాధాన్యమన్న విధానం పూర్తిగా పోయింది 1973లో. అందుకే మనలో చాలామంది కథ రేవులో కాదు, తుల్లమరీన్ ఎయిర్‌పోర్టులో మొదలవుతుంది.

ఆరోజు అక్కడ గాలం వేసుకుని ఓ పెద్దాయన కూర్చున్నాడు. ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఇక్కడే దిగానన్నాడు. అమ్మకి చెప్పాను. "వాళ్ళమ్మ ఏడ్చిందేమో అడుగు" అంది. అడిగాను. "వారం రోజులు" అన్నాడాయన, నీళ్ళలోంచి చూపు తిప్పకుండా.

వెళ్ళాలనుకునేవాళ్ళు సదరన్ క్రాస్ రైల్వే స్టేషన్‌లో దిగి 109 ట్రామ్ ఎక్కండి. చివరి స్టాపులో దిగి కుడివైపు తీరం వెంట పది నిమిషాలు నడవాలి. పెద్దవాళ్ళకి మంకీ టోపీ మాత్రం మర్చిపోకండి, అక్కడి గాలి మామూలు గాలి కాదు.