పన్నెండు కుర్చీల ఇష్టాగోష్ఠి

శ్రోతలకు నమస్కారం.

రాజకీయాలు మాట్లాడుకోవడానికి మన విశాఖలో చోటుకేం కొదవ లేదు. టీకొట్టు బల్ల ఉంది, బీచి రోడ్డు గట్టు ఉంది, రాత్రయితే టీవీ ఉంది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగే చోటే దొరకదు. పదీ పన్నెండు మందిని ఎంచి పిలిచి, ఒక ఇంటి హాల్లో రెండు గంటలు కూర్చోబెట్టే ఇష్టాగోష్ఠులు అందుకు పనికొస్తాయి. నలుగురిని పిలిచి టీ ఇవ్వడమే కదా అనిపిస్తుంది గానీ, ఇవి చెడేది చాలావరకు ఆ పిలుపుల దగ్గరే.

ముందు లెక్క చూద్దాం. రెండు గంటలంటే 120 నిమిషాలు. పరిచయాలకీ, విషయం ఎత్తుకోవడానికీ 25 పోతే మిగిలేది 95. పన్నెండు మంది ఉంటే తలా ఎనిమిది నిమిషాలు కూడా నిండుగా రావు. పాతికమందిని కూర్చోబెడితే నాలుగైనా దక్కవు. అప్పుడు ఐదుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. పన్నెండు మంది రావాలంటే పదహారు మందిని పిలవాలి. రెండు వారాల ముందు ఫోన్, ముందురోజు సాయంత్రం మరోసారి. వాట్సాప్ గ్రూపులో పడేసిన ఆహ్వానాన్ని ఎవరూ తమకొచ్చిన పిలుపుగా లెక్కచెయ్యరు. తేదీ వేసేముందు పంచాంగం కూడా చూసుకోండి. ముహూర్తాల రోజుల్లో సగంమంది పెళ్లి భోజనాల్లో ఉంటారు. మూఢం రోజులు గోష్ఠులకి బంగారం.

ఎవర్ని పిలవాలి? ఒకే ఉద్యోగం, ఒకే వ్యాపారం చేసేవాళ్లు ముగ్గురికి మించకూడదు. స్త్రీలు కనీసం నలుగురు ఉండాలి. ఒక్కరే ఉంటే ప్రతివాళ్లూ ఆవిడవైపు తిరిగి "మహిళల తరఫున మీరేమంటారమ్మా" అంటారు, ఇంకేమీ అడగరు. పార్టీ మనుషుల విషయమూ అంతే. ఒక పార్టీవాళ్లని ఒక్కరినే పిలిస్తే ఆ సాయంత్రమంతా ఆయన బోనులో నిలబడ్డట్టే. పిలిస్తే ఇద్దరిద్దరిని పిలవండి. ఇక పదవిలో ఉన్న ప్రజాప్రతినిధి వస్తానంటే సంతోషమే గానీ, షరతులు ముందే చెప్పాలి: ఒంటరిగా రావాలి, వేళకి రావాలి, అందరిలాంటి కుర్చీలోనే కూర్చోవాలి. లేకపోతే ఏడింటి గోష్ఠికి ఏడున్నరకి ఆరుగురు అనుచరులతో దిగుతారు, అందరూ లేచి నిలబడతారు, గోష్ఠి కాస్తా అర్జీల దర్బారు అయిపోతుంది.

రెండోది, ప్రశ్న. "నాయకత్వ లక్షణాలు" అని పెడితే ఉపన్యాసాలే వస్తాయి. "ఉక్కు ప్రైవేటీకరణ తప్పా, ఒప్పా" అంటే ఎవరి జవాబు వాళ్లు జేబులో పెట్టుకునే వస్తారు. అదే విషయాన్ని ఇంకోలా అడగొచ్చు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఈ ఊళ్లో అమృతరావు గారు నిరాహార దీక్షకి కూర్చున్నారు, తెన్నేటి విశ్వనాథం గారు ఉద్యమానికి ముందు నిలిచారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. శంకుస్థాపన జరిగింది మాత్రం 1971లో. మరి ఉద్యమాన్ని ఎక్కడ ఆపాలో, ఏ హామీని నమ్మాలో నాయకుడు ఎలా తేల్చుకుంటాడు? దీనికి జేబులో జవాబు ఎవరి దగ్గరా ఉండదు. యూనియన్ నాయకుడూ ఆలోచించాలి, కాలేజీ అమ్మాయీ ఆలోచించాలి. ఇంకాస్త దగ్గరి ప్రశ్న కావాలంటే, మన నగరపాలక సంస్థలో 98 వార్డులకి కార్పొరేటర్లు, వాళ్లు ఎన్నుకునే మేయరు, ప్రభుత్వం నియమించే కమిషనరు. మీ వీధి కాలువ పూడిపోతే ఆ ముగ్గురిలో ఎవరి సంతకంతో పని కదులుతుంది? అంకెలు, తేదీలు ఒక పేజీలో రాసి మూడు రోజుల ముందే పంపాలి. లేకపోతే తేదీల మీద తగాదాకే గంట పోతుంది.

గది సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. హాల్లో సోఫా ఉంటే బయటికి జరిపించండి. సోఫాలో కూర్చున్నవాళ్లు వెనక్కి వాలి తీర్పులు చెబుతారు, ప్లాస్టిక్ కుర్చీల్లోవాళ్లు ముందుకు వంగి వింటారు. వేదిక వద్దు, మైకు వద్దు, అందరికీ ఒకే రకం కుర్చీలు, గుండ్రంగా. టిఫిను ఆరున్నరకే పెట్టేయాలి. మాటల మధ్యలో వేడి పునుగులు వస్తే ఎంత గొప్ప వాదనైనా చట్నీ గిన్నె దగ్గర ఆగిపోతుంది. ఖర్చు తలా కొంత వేసుకోవడమే మేలు. ఒక్కరే భరిస్తే, రేపు ఆయన ఏ టికెట్టు అడుగుతారో అని వచ్చినవాళ్లు అప్పుడే లెక్కలు వేస్తారు.

గోప్యతకి లండన్‌లో అంతర్జాతీయ వ్యవహారాల మీద చర్చలు జరిపే ఛాథమ్ హౌస్ అనే సంస్థలో 1927లో పెట్టుకున్న నియమమే ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. విన్న విషయం బయట వాడుకోవచ్చు, ఎవరన్నారో, ఏ సంస్థ మనిషన్నారో మాత్రం చెప్పకూడదు. విశాఖకి ఇది సరిపోదు. "పోర్టులో చేసి రిటైరైన ఒకాయన, ఎంవీపీ కాలనీలో ఉంటారు" అంటే పేరు చెప్పినట్టే కదా! అందుకని ఆనవాళ్లు కూడా చెప్పకూడదని మొదట్లోనే అనుకోవాలి. రాజకీయాల్లో పాల్గొనకూడదన్న ప్రవర్తనా నియమావళి ఉన్న ప్రభుత్వోద్యోగులకి ఇది మరీ ముఖ్యం. గ్రూపు ఫొటో అసలే వద్దు. తొమ్మిదింపావుకి ఫేస్‌బుక్‌లో ఫొటో పడితే నియమం అక్కడితో సరి.

నడిపించే మనిషి మొత్తం మీద పది నిమిషాలకి మించి మాట్లాడకూడదు. చేతిలో ఒక కాగితం, దాని మీద కుర్చీల వరసలో పేర్లు. ఎవరు మాట్లాడినా పేరు పక్కన ఒక గీత. నలభై నిమిషాలయ్యాక గీత పడని పేర్లు చూసుకోవాలి. వాళ్లని "మీరూ ఏమైనా చెప్పండి" అంటే తల అడ్డంగా ఊపుతారు. "మీ వార్డు సచివాలయానికి ఇలాంటి ఫిర్యాదు వస్తే మొదట ఏం చేస్తారు?" అని వాళ్ల పనిలోంచి అడిగితే మాట దానంతటదే వస్తుంది. "మా రోజుల్లో" అని మొదలుపెట్టి ఆగని పెద్దలుంటారు. "మాస్టారూ, ఒక్క ఉదాహరణ చెప్పి ఆపుదురూ, దాని మీద వీళ్లని అడుగుదాం" అంటే నొచ్చుకోరు.

తొమ్మిదికి ముగించి తీరాలి. గాజువాక, పెందుర్తి వెళ్లేవాళ్లు ఎనిమిదిన్నర నుంచే గడియారం చూస్తుంటారు. నాలుగైదు గోష్ఠులయ్యేసరికి అవే ముఖాలు మిగిలి, అందరూ అందరితో ఏకీభవించడం మొదలవుతుంది. దానికి మందు మొదటి రోజే వేసుకోవాలి. లేచేముందు ప్రతివాళ్ల చేతా చిన్న కాగితం మీద ఒక పేరు రాయించుకోండి: తాము ఒప్పుకోకపోయినా మాట వినదగ్గ మనిషి అని వాళ్లకి అనిపించినవాళ్ల పేరు. వచ్చే నెల పిలుపుల్లో నాలుగు ఆ కాగితాల్లోంచే వెళ్లాలి.

నమస్కారం.